పిలుపు బండ

దారక్క ఈమధ్య కుళాయి కట్టేసి వినడం మొదలుపెట్టింది. గిన్నెలు తోముతూ తోముతూ ఉన్నట్టుండి చెయ్యి ఆపుతుంది. కుళాయి బిగించి, తల కొంచెం పక్కకి వంచి నిలబడుతుంది. చివరి చుక్క కూడా రాలాక, ఏమీ లేదని నమ్మకం కుదిరాక, మళ్ళీ తిప్పుతుంది. చిన్న గిన్నెకి ఒకసారి, పెద్ద గిన్నె అయితే మూడుసార్లు.

"గిన్నెలు కడుగుతున్నావా, కుళాయి రిపేరు నేర్చుకుంటున్నావా?" అన్నాడు భర్త పక్కగదిలోంచి. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటే పక్కిల్లు కూలినా కదలడు గానీ, కుళాయి చప్పుడు ఆగితే మాత్రం తల ఎత్తుతాడు.

"ఎవరో పిలిచినట్టు అనిపించింది."

"ఎవరూ పిలవలేదు. పిలిస్తే నాకూ వినపడాలి కదా."

ఆయనకి వినపడదు. నీళ్ళ చప్పుడు వెనక మనిషి గొంతు ఒకటి దాక్కుని ఉంటుందన్న భయం ఆమె ఒక్కదానిదే. పదకొండేళ్ళుగా జలపాతానికి మనుషుల్ని తీసుకెళ్ళి తీసుకొచ్చే మనిషికి నీళ్ళంటే భయం పట్టుకుందని తెలిస్తే ఆఫీసులో పడీపడీ నవ్వుతారు. అందుకని గేటు దగ్గర ఆమె ఎప్పటిలాగే గట్టిగా మాట్లాడుతుంది, ఎప్పటిలాగే జోకులు వేస్తుంది. ఇంటికొచ్చి కుళాయి కట్టేస్తుంది.

మర్నాడు పొద్దున ఆమె గేటు దగ్గరికి చేరేసరికి ఆఫీసరు మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. పక్కన ఒక పొట్టి ఆవిడ, భుజాన గుడ్డసంచీతో.

"దారక్కా, ఈవిడ పదిహేడో నంబరు వాళ్ళ అక్క," అన్నాడు ఆఫీసరు. అన్నాక తను ఏమన్నాడో తనకే వినపడి, గొంతు సవరించుకున్నాడు. "అదే, పాపం, ఆ అబ్బాయి వాళ్ళ అక్క. జలపాతం చూస్తారట. నువ్వే తీసుకెళ్ళు. నువ్వయితే నెమ్మదిగా మాట్లాడతావు."

దారక్క కళ్ళు వాటంతట అవే బోర్డు వైపు వెళ్ళాయి. గేటు పక్కన చెక్కబోర్డుకి నలభై మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో రేకు బిళ్ళ, బిళ్ళ మీద అంకె. పైకి వెళ్ళే ప్రతి మనిషీ ఒక బిళ్ళ తీసుకుని వెళ్ళాలి, దిగొచ్చాక తన చేత్తో తనే తిరిగి తగిలించాలి. ఐదున్నరకి బోర్డు నిండితే గేటు వేస్తారు. ఒక్క బిళ్ళ తక్కువైనా ఎవరో ఒకరు సగం దారిలో ఉన్న పిలుపు బండ దాకా వెళ్ళి, పైకి చూసి మూడుసార్లు పిలవాలి. బిళ్ళ దారిలో పడి దొరికినా అదే పద్ధతి. దొరికిన బిళ్ళని ఎవరూ తగిలించకూడదు, అది మనిషి ఇంకా పైనే ఉన్నట్టు లెక్క. ఇప్పుడు బోర్డు మీద పదహారు ఉంది, పద్దెనిమిది ఉంది, మధ్యలో బిళ్ళని పోలీసులు తీసుకెళ్ళాక మేకు ఒక్కటే ఉంది.

"చూడ్డానికి కాదండీ, వినడానికి," అంది ఆవిడ. మెల్లగా, ప్రతి మాటా విడివిడిగా మాట్లాడుతోంది. "నేను ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాను. మా తమ్ముడు నాలుగింటికి జారిపడ్డాడు, అర్ధరాత్రి దాకా బతికే ఉన్నాడు అన్నారు డాక్టర్లు. వాడు ఊరుకునే రకం కాదు, పిలిచే ఉంటాడు. ఆ పిలుపు ఎవరికైనా వినపడేదా అన్నది నాకు తెలియాలి."

"అమ్మా, అంత హోరులో ఏం వినపడుతుంది? వినపడే అవకాశం లేదని రిపోర్టులోనే రాశాం," అన్నాడు ఆఫీసరు.

"ఎవరైనా విని చూశారా అండీ?"

ఆఫీసరు దారక్క వైపు చూశాడు. దారక్క తన చెప్పుల వైపు చూసుకుంది.

"రేపు మధ్యాహ్నం వెళ్దాం," అంది చివరికి. "సాయంత్రం వేళకే వింటే మంచిది కదా." ఒక్క రోజైనా దొరుకుతుందని అలా అంది.

ఆ రోజు పని ముగిశాక ఇంటికి పోకుండా గేటు తాత దగ్గరికి వెళ్ళింది. ఇరవై రెండేళ్ళు ఆ బోర్డు కాసిన మనిషి. బోర్డు చూశాడు గానీ మనుషుల్ని చూసుకోలేదని, దారిలో దొరికిన బిళ్ళని తనే తగిలించేసి ఉంటాడని, రెండు నెలల కిందట ఉద్యోగం తీసేశారు. 'నేను తగిలించలేదు' అని రెండుసార్లు చెప్పాడట. మూడోసారి అడిగితే ఏమీ మాట్లాడలేదట.

తాత ఇప్పుడు కూతురి లాండ్రీ దుకాణంలో కూర్చుంటున్నాడు. ముందు ఇస్త్రీ బల్ల, వెనక బట్టల గుట్టలు, మధ్యలో స్టూలు మీద తాత. ఉతకడానికి వచ్చిన ప్రతి చొక్కాకీ కాలరు లోపల అంకె రాసిన గుడ్డముక్క పిన్నీసుతో గుచ్చుతున్నాడు. పిన్నీసు గుచ్చాక అంకె బయటికి కనపడేలా బొటనవేలితో ఒకసారి నొక్కుతున్నాడు. దారక్కని చూసి స్టూలు కింద నుంచి ఇంకో చిన్న స్టూలు కాలితో లాగాడు.

"కూర్చో అమ్మాయ్. కాళ్ళనొప్పులు ఎలా ఉన్నాయి?"

"అలాగే ఉన్నాయి తాతా."

"చెప్పులు మార్చమంటే వినవు."

కాసేపు ఇద్దరూ చొక్కాల గురించే మాట్లాడుకున్నారు. జేబులో ఒకాయన పెళ్ళాం రాసిన చీటీ దొరికిందని, అది ఇస్త్రీ చేసి మరీ ఇచ్చామని తాత చెప్పాడు. దారక్క నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఆ అబ్బాయి వాళ్ళ అక్క వచ్చింది తాతా. రేపు పైకి తీసుకెళ్ళాలి."

తాత చేతిలో చొక్కా కిందికి దిగింది. "పాపం, ఆ పిల్లే. ఆస్పత్రి దగ్గర నా చొక్కా పట్టుకుంది."

"నువ్వేమీ అనలేదట కదా."

"ఏమంటాను? ఆవిడ బాధ ఆవిడది." మళ్ళీ పిన్నీసు తీసుకున్నాడు. గుచ్చలేదు. "ఆ మర్నాడు పొద్దున నేను గేటు తీసేసరికి బోర్డు మీద అన్ని బిళ్ళలూ సరిగ్గా ఉన్నాయి. పదిహేడు ఒక్కటే తిరగేసి ఉంది, అంకె లోపలికి. నేనెప్పుడూ అలా తగిలించను. పదకొండేళ్ళుగా ఒక మనిషి తగిలించిన బిళ్ళలు రోజూ సాయంత్రం తిప్పి సరిచేస్తూనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు."

లోపలెక్కడో యంత్రంలో బట్టలు గిర్రున తిరుగుతున్నాయి.

"ఎందుకు చెప్పలేదు?" అంది దారక్క.

"చెప్పి? నేను పంపు కట్టడానికి వెనక్కి వెళ్ళాను. వచ్చి చూస్తే బోర్డు నిండుగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. తిరగేసి ఉన్న బిళ్ళ ఆ సాయంత్రమే నా కంట్లో పడాల్సింది, పడలేదు. నా తప్పు నేను మోస్తున్నాను. నీది నా మీద వేసుకోవడానికి నేనేం గాడిదనా? నీది నువ్వు చూసుకో." కోపంగా అనలేదు. చొక్కాకి అంకె గుచ్చి, బొటనవేలితో నొక్కి, గుట్టలో పెట్టాడు. "కాఫీ తాగుతావా?"

ఆమెకి కాఫీ తాగాలని లేదు. తాగింది.

ఇంటికి వెళ్ళి భర్తకి చెబితే ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "తాతకి తెలిసీ ఊరుకున్నాడంటే నిన్ను కాపాడాడన్నమాట. ఇప్పుడు నువ్వు వెళ్ళి చెబితే తాత ఉద్యోగం తిరిగొస్తుందో రాదో గానీ నీది మాత్రం పోతుంది. గడియారాలు బాగుచేయించుకునేవాళ్ళు ఎవరున్నారే ఈ రోజుల్లో?" ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆమెకి కష్టంగా ఉంది. ఆ రాత్రి గిన్నెలు ఆయనే కడిగాడు.

మర్నాడు రెండున్నరకి ఆవిడ బోర్డు ముందు నిలబడింది. గేటు దగ్గర కొత్తగా వేసిన గుమాస్తా బిళ్ళ తీసి ఇచ్చాడు. పదహారు. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని, పక్కన ఖాళీ మేకుని ఒకసారి వేలితో ముట్టుకుంది. తర్వాత బిళ్ళని సంచిలో వెయ్యకుండా పిడికిట్లోనే పట్టుకుని నడిచింది.

దారి మొదట్లో చెక్కవంతెన. వంతెన దాటాక చెట్లు ఒక్కసారిగా దగ్గరపడతాయి, వెలుతురు ఆకుల్లోంచి చిల్లరగా రాలుతుంది. దారక్క ముందు, ఆవిడ వెనక. "వేరు ఉంది, చూసుకోండి." "ఈ రాయి కదులుతుంది." పదకొండేళ్ళుగా చెప్పే మాటలే, ఇవాళ ఒక్కోటీ నోట్లోంచి బయటికి లాగాల్సి వస్తోంది. ఆ వంతెన పక్కనే ఆ సాయంత్రం గడ్డిలో బిళ్ళ మెరిసింది. దిగేవాళ్ళు తొందరలో రోజుకొకటి పారేసుకుంటారు. ఇది ఎక్కేటప్పుడు పడిందని ఆమెకి తట్టలేదు.

"ఆ గేటు తాతని అందరి ముందూ నానా మాటలూ అన్నానండీ," అంది ఆవిడ వెనక నుంచి. ఆయాసం వల్ల మాటలు తెగుతున్నాయి. "తల వంచుకుని నిలబడ్డాడు. తప్పు చేశాడు కాబట్టే వంచుకున్నాడు అనుకున్నాను. చేశాడంటారా?"

"ఇక్కడ జారుడుగా ఉంటుంది," అంది దారక్క. "నా చెయ్యి పట్టుకోండి."

ఇరవై నిమిషాలకి పిలుపు బండ వచ్చింది. లోయ అంచున ఏనుగు వీపంత బండ. అక్కడి నుంచి దారి లోయ చుట్టూ తిరిగి, ఇంకో అరగంట ఎక్కితే గానీ జలపాతం రాదు. కానీ లోయకి అడ్డంగా చూస్తే మాత్రం అది ఎదురుగానే ఉన్నట్టు, చెట్ల మధ్య తెల్లటి గీత. ఈ బండ ఏమిటని ఆవిడ అడిగింది. దారక్క చెప్పింది. ఇక్కడే నిలబడి పిలుస్తామని, మూడుసార్లని. ఆవిడ బండ మీద చెయ్యి వేసి తలాడించింది.

జలపాతం దగ్గరికి చేరేసరికి మూడున్నర దాటింది. ఎవరూ లేరు. పెద్ద జలపాతమేమీ కాదు, మూడు నిలువులు ఉంటుందేమో, కానీ చుట్టూ రాతిగోడలు కాబట్టి హోరు ఎక్కువ. ఒంటి మీద తుంపర పడుతూ ఉంటుంది. మడుగుకి ఎడమపక్క రెండు రాళ్ళ మధ్య సందు. ఆవిడ అడక్కుండానే అక్కడికి వెళ్ళింది, పోలీసులు తీసిన ఫోటోలో చూసి ఉంటుంది. రాయి మీద అరచెయ్యి ఆనించింది. ఏడవలేదు.

"నీళ్ళు అప్పటంతే ఉన్నాయా?" అని అడిగింది, దారక్క చెవి దగ్గరికి వచ్చి.

"ఇంకా ఎక్కువే."

"అయితే మంచిదే." సంచిలోంచి రెండు కాగితాలు తీసింది, రెండు పెన్సిళ్ళు. తన చేతిగడియారాన్నీ దారక్క గడియారాన్నీ పక్కపక్కన పెట్టి నిమిషాలు సరిచూసింది. "నేను ఆ బండ దగ్గరికి వెళ్తాను. నాలుగూ పదిహేను నుంచి ముప్పావు దాకా, ఈ అరగంటలో మీరు ఐదుసార్లు అరవండి. ఎప్పుడన్నది మీ ఇష్టం, నాకు చెప్పొద్దు. అరిచిన టైము మీ కాగితం మీద రాసుకోండి. వినపడిన టైము నేను రాసుకుంటాను. తర్వాత కలిపి చూద్దాం."

"ఇలా ఎందుకండీ? ఒకసారి అరిస్తే సరిపోదా?"

"సరిపోదు. పరీక్షలో మేం శబ్దం ఇవ్వకపోయినా కొంతమంది వేలెత్తుతారు. వినాలని ఉంటే వినపడినట్టే ఉంటుంది. నాకు ఎంత వినాలని ఉందో నాకు తెలుసు కాబట్టి నన్ను నేను నమ్మలేను." రాళ్ళ సందు చూపించింది. "అందులో కూర్చుని అరవండి. వాడున్న చోటు నుంచే."

ఒక్కదాన్నే పంపడం పద్ధతి కాదు. దారక్క ఆ మాట అనబోయి మానుకుంది. పద్ధతుల గురించి ఈవిడకి తను చెప్పడానికి ముఖం చెల్లలేదు.

రాళ్ళ మధ్య కూర్చుంటే ఆకాశం ఒక చాపంత కనపడుతుంది. రాయి వీపుకి చల్లగా తగిలింది. నాలుగూ పంతొమ్మిదికి ఆమె "ఓయ్" అని అరిచింది. ఆ అరుపు తన చెవులకే సరిగా అందలేదు. టైము రాసింది. ఇరవై నాలుగుకి మళ్ళీ అరిచింది. ముప్పై ఒకటికి ఇంకోసారి. ప్రతిసారీ నీళ్ళు దాన్ని అక్కడికక్కడే మింగేశాయి. ఆఫీసరు చెప్పిందే నిజం, ఏమీ వినపడదు, ఎవరు వచ్చి పిలిచినా వినపడేది కాదు. ఈ మాట అనుకుంటే ఆమెకి ప్రాణం లేచివచ్చింది.

అప్పుడు తెలిసింది, ఇంతసేపూ తనకి ఆ గొంతు వినపడలేదని. రెండు నెలలుగా వంటింట్లో, స్నానాల గదిలో, వాన పడితే చూరు కింద వెంటాడిన గొంతు, సరిగ్గా ఇక్కడ లేదు. ఉన్నది నీళ్ళు, రాళ్ళు, వాటి మధ్య ఇరుక్కుని కూర్చుని అరుస్తున్న తను. అతనికి కూడా ఇలాగే ఉండి ఉంటుంది. అరిచి, ఆగి, ఎవరైనా పలుకుతారేమోనని విని, మళ్ళీ అరిచి ఉంటాడు. ఎవరో ఒకరు వస్తారని అతనికి తెలుసు. తిరిగి రాకపోతే వెతుక్కుంటూ వస్తామని బిళ్ళ ఇచ్చేటప్పుడు అందరికీ చెబుతారు.

నాలుగూ ముప్పై ఆరుకి దారక్క గొంతు చించుకుని అరిచింది. "బిళ్ళ నేనే తగిలించాను. తాత కాదు. బస్సు పోతుందని నేనే తగిలించాను."

ఎవరూ వినలేదు. ఎంత హాయిగా ఉందంటే, ఆమెకి సిగ్గేసింది. నలభై మూడుకి ఇంకోసారి ఊరికే అరిచి, కాగితం మడిచి లేచింది.

ఆవిడ పిలుపు బండ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. దారక్క రాగానే చెయ్యి చాపింది. రెండు కాగితాలూ బండ మీద పరిచి, గాలికి ఎగరకుండా అంచుల మీద గులకరాళ్ళు పెట్టింది. ఒక కాగితం మీద పంతొమ్మిది, ఇరవై నాలుగు, ముప్పై ఒకటి, ముప్పై ఆరు, నలభై మూడు. రెండో కాగితం మీద కూడా అవే. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"ఐదుకి ఐదు," అంది ఆవిడ.

దారక్క ఆ అంకెల్ని మళ్ళీ చదివింది. పక్కన ఉంటే మింగేసే హోరు, ఇక్కడ చెట్ల మీద పడే సన్నటి వానలా ఉంది. పదకొండేళ్ళలో ఈ బండ ఎక్కినప్పుడల్లా పైకి అరవడమే గానీ, పై నుంచి ఎవరైనా అరిస్తే ఎలా ఉంటుందో ఒక్కరోజూ విన్నది లేదు.

"ఇక్కడ ఒక్క మనిషి నిలబడి ఉంటే చాలు," అంది ఆవిడ. ఆ మాట దాకా గట్టిగానే ఉంది. తర్వాత మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. దారక్క ఓదార్చడానికి చెయ్యి చాపి, ఆ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక తన ఒళ్ళోనే పెట్టుకుంది.

ఏడుపు ఆగాక ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని కాగితం మీదికి వంగింది. పనిలో ఉన్న మనిషి చూపు వచ్చేసింది. "ఇదొకటి తేడాగా ఉంది. మిగతావి పొట్టి అరుపులు. ఈ నాలుగోది పొడుగు, మధ్యలో రెండుసార్లు తెగింది. మాటల్లా ఉంది గానీ ఏ మాటలో తెలియలేదు. ఏమన్నారు?"

ఏదైనా చెప్పొచ్చు. దేవుణ్ణి తలుచుకున్నానంటే నమ్ముతుంది. భర్త ముఖం గుర్తొచ్చింది, కంటి చుట్టూ భూతద్దం నొక్కిన గుండ్రటి గుర్తుతో. స్టూలు మీద తాత బొటనవేలు గుర్తొచ్చింది.

"బిళ్ళ నేనే తగిలించానన్నాను," అంది దారక్క. "మీ తమ్ముడి బిళ్ళ వంతెన పక్కన దొరికింది. పద్ధతి ప్రకారం అది పట్టుకుని ఇక్కడికి రావాలి, వచ్చి పిలవాలి. ఐదూ నలభై బస్సు తప్పితే మళ్ళీ ఏడింటికి గానీ లేదు. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి. తగిలించేసి వెళ్ళిపోయాను. తాతకి ఏమీ తెలియదు అప్పటికి."

ఆవిడ ఆమెనే చూస్తూ ఉండిపోయింది. కొడుతుందేమో అనుకుంది దారక్క. కొడితే బాగుండు అనుకుంది.

"ఇక్కడికి వచ్చి ఉంటే ఎన్నింటికి వచ్చేవారు?"

"ఆరు లోపే."

"ఆరు," అంది ఆవిడ. కాగితాలు రెండూ మడిచి సంచిలో పెట్టుకుంది. లేచి దారి పట్టింది. ఈసారి ఆవిడ ముందు, దారక్క వెనక. వేర్ల దగ్గరా కదిలే రాయి దగ్గరా దారక్క నోరు తెరిచింది గానీ ఆవిడకి అవన్నీ గుర్తున్నాయి.

గేటు దగ్గర గుమాస్తా బల్ల సర్దుకుంటున్నాడు. దారక్క తన బిళ్ళ తగిలించాక బోర్డు నిండుగా ఉంది, పదహారు, పదిహేడు మేకులు తప్ప. ఆవిడ బోర్డు ముందుకి వెళ్ళింది. పిడికిలి తెరిచింది. ఇంతసేపూ పట్టుకోవడంతో బిళ్ళ అంచు అరచేతిలో ఎర్రటి గీత గీసింది. తగిలించబోయి ఆగి, మళ్ళీ పిడికిలి మూసి, వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"ఇది తగిలిస్తే నేను దిగొచ్చేసినట్టు కదా?" అని దారక్కని అడిగింది.

"అవునండీ."

"తగిలించకపోతే గేటు వెయ్యకూడదు. ఇంటికి వెళ్ళకూడదు ఎవరూ."

"అవును."

"బండ దగ్గర నాకు చెప్పిన మాట ఆఫీసరుకి కూడా చెప్పండి. ఆయన రాసుకున్నాక వచ్చి నాకు చూపించండి. అప్పటిదాకా నేను ఇంకా పైనే ఉన్నాను."

గుమాస్తా ఇద్దరి వంకా చూశాడు. "ఏంటక్కా, ఐదున్నర దాటింది. ఆ బిళ్ళ పెట్టేస్తే తాళం వేస్తాను."

"ఒకరు ఇంకా దిగలేదు," అంది దారక్క. "గేటు వెయ్యకు."

ఆఫీసు గదిలో లైటు వెలుగుతోంది. ఆఫీసరు కుర్చీ వెనక్కి జరుపుతున్న చప్పుడు మెట్ల దాకా వినపడుతోంది. దారక్క మెట్లు ఎక్కుతుండగా రోడ్డు మీద ఐదూ నలభై బస్సు వచ్చి ఆగింది. రోజూ ఎక్కే మనిషి కోసం డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి చూశాడు. ఆమె వెనక్కి తిరిగి, చేత్తో వెళ్ళిపొమ్మని సైగ చేసి, తలుపు తోసింది.